జానీబీ అత్త అతిథి మర్యాద

జానీబీ అత్తకి లోకంలో గిట్టనిది ఒక్కటే: ఊరికే ఉన్న చేతులు. నోరు ఎంత ఆడినా ఆవిడకి అభ్యంతరం లేదు. చేతులు ఖాళీగా కనపడ్డాయా, వాటిలో ఏదో ఒకటి పెట్టేస్తుంది. వెల్లుల్లి, చింతపండు, ఎండురొయ్యలు, ఏవీ లేకపోతే కుట్టు విడిపోయిన గోనెసంచీ, దబ్బనమూ.

వాడరేవుకి రెండు కిలోమీటర్ల దూరంలో, సరుగుడు తోపుల వెనక ఉంటుంది మా పల్లె. ఆవిడ నాకు చుట్టం కాదు. మాది చర్చి వీధి, వాళ్లది మసీదు వీధి. అయినా ఊళ్లో నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ ఆవిడ అత్తే. వాళ్లందరి చేతా ఆవిడ చింతపండు గింజలు తీయించింది కూడా.

కరెంటు బిల్లు తీసే అతను ఆవిడ ఇంటికి ఎప్పుడూ ఆఖర్న వెళతాడు. ముందు వెళితే మిగతా వీధి మర్నాటికి పడుతుంది. మా పాస్టరుగారు ఒకసారి క్రిస్మస్‌కి కుర్చీలు అడగడానికి వెళ్లి, గంటన్నర తర్వాత కుర్చీలతోనూ వెల్లుల్లి వాసనతోనూ తిరిగొచ్చారు. ఇంక నా పెళ్లి సంగతి. నా గుణగణాలు వాకబు చెయ్యడానికి మా మామగారు ఆవిడ దగ్గరికే వెళ్లారట.

"కుర్రాడు ఎలాంటివాడమ్మా?"

"చెబుతాను గానీ, ఈ మిరపకాయలకి తొడిమలు తీస్తూ వినండి."

రెండు చేటలయ్యాక, "మంచోడేనండీ, కాకపోతే కాస్త బద్ధకం" అని తేల్చిందట. ఆ ఒక్క ముక్క కోసం ఆయన వేళ్లు మండిపోయి మూడు రోజులు చెంచాతో అన్నం తిన్నారు. ఇప్పటికీ నన్ను చూసినప్పుడల్లా వేళ్లు చూసుకుంటారు.

పోయినేడాది మా ఊళ్లో పల్లె పర్యాటక సంఘం పెట్టాం. అయూబ్ ప్రెసిడెంటు, నేను సెక్రటరీని. శని, ఆదివారాలు వాడరేవుకి జనం విరగబడి వచ్చి, బిర్యానీ వాళ్లు తిని, పొట్లాలు సముద్రానికి వదిలేసి పోతున్నారు. అలా కాదు, కొద్దిమందే రావాలి. మా ఇళ్లల్లో ఉండాలి, మేం తినేదే తినాలి. తోపుల్నీ, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకనీ పాడుచెయ్యకుండా చూసి వెళ్లాలి. వచ్చే ఆదాయం ఊరిది కావాలి. ఇదీ మా ఆలోచన. నాలుగిళ్లల్లో వలలు పెట్టుకునే నాలుగు గదులకి సున్నాలు వేశాం. వాటిలో గాలీ వెలుతురూ బాగా ఉన్నది జానీబీ అత్త గదే.

శిక్షణ ఇవ్వడానికి బయటి ఊరి నుంచి ఒక మేడమ్ వచ్చింది. "అతిథికి ఏ శ్రమా కలగకూడదు" అన్నది ఆవిడ చెప్పిన మొదటి సూత్రం. పాఠం అత్త వరండాలో పెట్టడం నా తప్పే. ఆ సూత్రం చెబుతున్నంతసేపూ మేడమ్ రొయ్యల తలలు తుంచుతూనే ఉంది.

మొదటి అతిథులు హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మొగుడూ పెళ్లాం. నేను కొబ్బరిబొండాలు కొట్టించుకొచ్చేసరికి ఇద్దరూ బాసింపట్లు వేసుకుని మిరపకాయల ముందు కూర్చుని ఉన్నారు. ఎర్రటి కాయల్లోంచి రంగు వెలిసిన తాలు కాయలు ఏరి పక్కన పెట్టడం వాళ్ల డ్యూటీ. అమ్మాయి తుమ్ముతోంది. అబ్బాయి ముక్కు తుడుచుకుంటూ అడిగాడు, "టార్గెట్ ఎంతండీ?"

"ముందు తాలేదో, మంచిదేదో తెలుసుకో బాబూ. టార్గెట్ తర్వాత" అన్నాడు ఏసోబు తాత.

ఈ ఏసోబు తాత అత్త వరండాలో నిలయ విద్వాంసుడు. గుంటూరు మిర్చియార్డులో ముప్పయ్యేళ్లు బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. పరమ పౌరుషం మనిషి. నా పెళ్లిలో భోజనానికి పిలిస్తే, నాలుగు బల్లలు మోసి గానీ విస్తరి ముందు కూర్చోలేదు.

సాఫ్ట్‌వేర్ దంపతులు నవ్వుకుంటూనే వెళ్లారు. అందరూ అలా నవ్వరు కదా. ఏప్రిల్ నెలాఖరులో వచ్చిన ఒకాయన ఇంటర్నెట్‌లో రాసి పారేశాడు: "ఆఫీసు నుంచి పారిపోయి వస్తే ఇక్కడ ఇంకో ఆఫీసు. మేనేజరు పేరు జానీబీ. సెలవు అడిగితే చేట ఇచ్చింది." ఒకే ఒక్క నక్షత్రం. అది కూడా వంకాయ కూరకట.

అయూబ్ గుండె జారిపోయింది. మే నెలాఖరున జిల్లా ఆఫీసరుగారు చూడటానికి వస్తున్నారు. ఆయన బాగుందని రాస్తే మా ఊరు పర్యాటక జాబితాలోకి ఎక్కుతుంది. లేకపోతే ఆ నాలుగు గదుల్లో మళ్లీ వలలు పెట్టుకోవడమే.

"చేటలన్నా దాచమను, లేకపోతే ఆవిడ గదన్నా తీసేద్దాం. నువ్వే చెప్పు ప్రసన్నా, నేను వెళితే నాకూ ఒక చేట ఇస్తుంది" అన్నాడు.

వెళ్లి చెప్పాను.

"తీసేయ్" అంది అత్త, తలెత్తకుండా.

"అత్తా, నీకు నెలకి ఇంత ఆదాయం..."

"ఊరికే కూర్చుని తినేవాళ్లు నా ఇంటికొద్దు. నువ్వేంటి, నిలబడి మాట్లాడుతున్నావ్? ఇదిగో, ఈ చేట పట్టు."

మూడు రోజులు వరసగా నచ్చజెప్పడానికి వెళ్లాను. మూడు రోజులూ తాలు ఏరి వచ్చాను. ఇంట్లో నా భార్య శాంతి నా చొక్కా దూరంగా పట్టుకుని ఉతికేది.

నాలుగో రోజు నిజంగానే కోపమొచ్చింది. ఇవాళ అటో ఇటో తేల్చేస్తానని, వరండా జోలికి పోకుండా దొడ్డిదారిన వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. అత్త ఒక్కతే వంటింటి వెనక కూర్చుని ఉంది. ఎదురుగా రెండు రాశులు: మంచి కాయలు, తాలు కాయలు. చూస్తుండగానే తాలు బుట్ట తీసి మంచి కాయల మీద గుమ్మరించి, రెండు చేతులా కలపడం మొదలుపెట్టింది.

"అత్తా! అవి నేను ఏరినవి!"

"అరవకురా వెధవా. ముసలాడు ముందు వరండాలో ఉన్నాడు."

"మూడు రోజులు తుమ్ముతూ ఏరాను!"

"ఏరావులే. సగం తాలు మంచి వాటిల్లోనే వదిలేశావ్" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "మొత్తం రెండు బస్తాలు. ఉగాది నుంచీ ఇవే."

అత్త కలుపుతూనే చెప్పింది.

"ఈ రెండు నెలలూ సముద్రంలో వేటకి పోకూడదని సర్కారు నిషేధం. చేప లేదు, చేప ఎండబెట్టే పనీ లేదు. పొలాల్లో కోతలు అయిపోయినాయి. ఏసోబు పని చెయ్యందే మెతుకు ముట్టడు. రోజూ ఏసోబు పక్కన కూర్చునే ఆ సుబ్బరావమ్మా అంతే, పస్తుంటుంది గానీ చెయ్యి చాపదు. తినిపోండి అంటే తింటారా? పని చేశారు, తినండి అంటే తింటారు. నా దగ్గర అన్నం ఉంది గానీ, రోజూ కొత్త పని ఎక్కణ్ణుంచి తేనురా?"

"మరి అతిథులెందుకు? కరెంటు బిల్లు అతనెందుకు? మా మామగారెందుకు?"

"వాళ్లిద్దరే కూర్చుని ఏరితే, అన్నం కోసం కూర్చున్నారని ఊరికి తెలిసిపోదూ? అందరి చేతుల్లోనూ చేట ఉంటే ఎవడు దేనికి కూర్చున్నాడో ఎవడికి తెలుసు?"

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు ఆవిడ మీద జోకులేసి ఊరంతటినీ నవ్వించినవాణ్ణి నేను. బుట్టలో చెయ్యి పెట్టి నేనూ కలపడం మొదలుపెట్టాను.

"అడుగునుంచి కలుపు. పైపైన కలిపితే పట్టేస్తాడు" అంది అత్త.

ఆఫీసరుగారు వచ్చిన రోజున ఆయనకి చేట అందించింది నేనే. అయూబ్ నన్ను కళ్లతోనే చంపాడు. ఆఫీసరుగారు మాత్రం సంతోషంగా చొక్కా చేతులు మడిచి, ఏసోబు తాతకీ సుబ్బరావమ్మకీ మధ్యన చాప మీద కూర్చున్నారు.

"మాది పర్చూరు దగ్గరండీ. మిరప రైతుబిడ్డని" అన్నారు.

అత్తా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

ఆయన నాలుగు కాయలు ఏరారు. ఐదోది చెవి దగ్గర పెట్టి ఆడించారు. దాన్ని వదిలి ఇంకోటి ఆడించారు. "ఇదేంటండీ, గింజ సగం రాలిపోయింది! ఈ కాయలు ఇప్పటికి పదిసార్లన్నా ఏరినట్టున్నారే!"

వరండాలో తుమ్ములు కూడా ఆగిపోయాయి. జాబితా సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. సంగతి బయటపడితే రేపట్నుంచి ఏసోబు తాత ఈ గడప తొక్కడు. అత్త చేతులు చేటలో ఊరికే ఉండిపోయాయి. ఆవిణ్ణి అలా నేనెప్పుడూ చూడలేదు.

"తమరు పొరపాటు పడ్డారండీ" అన్నాడు ఏసోబు తాత. "మిర్చియార్డులో ముప్పయ్యేళ్లు చేశాను, కాయ సంగతి నన్నడగండి. ఇది ఇవాళ పొద్దున దిగిన సరుకు. ఆటోలోంచి దించింది నేనే."

ఆఫీసరుగారు నిటారుగా నిలబడలేని తాత నడుం వంక చూశారు. అత్త వంక చూశారు. చేట ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"అంతేనండీ, నాకే అలవాటు తప్పింది" అన్నారు.

గంటసేపు ఏరి, వంకాయా ఎండురొయ్యల కూరతో కడుపారా తిని, ఫారంలో చాలాసేపు ఏదో రాసుకున్నారు. ఆయన వెళ్లిన మూడు వారాలకి మా ఊరు జాబితాలోకి ఎక్కింది. అత్త ఇంటి పేరు ఎదుట "అతిథులు తప్పక ఇక్కడ పనిచేయవలెను" అని ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన కారెక్కాక, ఏసోబు తాత చేతులు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ ప్రసన్నా, కొత్తవి రెండు బస్తాలు తెమ్మని మీ అత్తతో నువ్వన్నట్టు చెప్పు. ఇవి మరీ నలిగిపోయినాయిరా."

"నీకు తెలుసా తాతా? ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచి."

"మరి నువ్వు ఊరికే తినవు కదా!"

"ఊరికేనా?" అన్నాడు తువ్వాలు అందుకుంటూ. "రోజూ తెలీనట్టు కూర్చోవడం నీ కంటికి పనిలాగా కనపడట్లేదా?"