మంచు అన్న మాట

ఒక చలికాలంలో మూడు రోజులు జపాన్ పల్లెల మీదుగా కారులో తిరిగాను. ఆ ప్రయాణం నాకు రావాల్సింది కాదు, బహ్రెయిన్‌లోని మహూజ్‌లో నాతోపాటు ఒకే గదిలో ఉండే, నేను అన్నా అని పిలిచే మనిషికి.

ఎనభైల్లో మేమిద్దరం అక్కడ ఒకే కంపెనీలో క్రేన్ డ్రైవర్లం. ఆయనది కరీంనగర్ వైపు, నాకంటే పదేళ్లు పెద్ద. నాది గోదావరి జిల్లా. కొత్త క్రేన్ల పని నేర్చుకోవడానికి ఆయన్ని జపాన్ పంపుతామని ఆఫీసు నుంచి ఇంగ్లిషులో కాగితం వచ్చింది. చదువు రాదు కాబట్టి నా చేతికిచ్చాడు.

"ఏమున్నది తమ్మీ?"

మంచు కురిసే ఊళ్లలో క్రేన్లు పనిచేసే చోట్లు చూపిస్తామని, కారు వాళ్లే నడుపుతారని ఉంది. నేను సగమే చెప్పాను.

"దారంతా మంచేనంట అన్నా."

ఆయన ముఖం పాలిపోయింది. గల్ఫ్‌కు రాకముందు ఆయన లారీ తోలేవాడు. ఒక తెల్లవారుజామున మంచులో ఎదుటి బండి కనబడక గుద్దేశాడు. పక్కన కూర్చున్న సొంత తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. ఆ సంగతి గదిలో నాకొక్కడికే చెప్పుకున్నాడు. ఆయనకు మంచు అంటే కళ్లకు అడ్డం పడే ఆ తెల్లటి పొగ. తెలిసే ఆ మాట వాడాను.

"నాతోని కాదు. నువ్వు పో," అన్నాడు. మాటవరసకైనా నేను వద్దనలేదు. ఆఫీసులో తన బదులు నా పేరు చెప్పి, తన ఉన్ని స్వెట్టర్ కూడా నాకే ఇచ్చాడు. "పట్టుకపో తమ్మీ, చలి పెడతది."

అక్కడ ఆకాశం నీలంగా ఉంది. రోడ్డుకు రెండు పక్కలా మంచు గోడలా పేరుకుని ఎండకు మెరుస్తోంది. ముసలివాళ్లు ఇంటి కప్పులెక్కి పారలతో మంచు తోస్తున్నారు. కారు నడిపే ఇంజనీరు చక్రాలకు గొలుసులు బిగించి, మలుపు మలుపుకీ ఆపి నాకు ఫోటోలు తీశాడు. ఒక చిన్న హోటల్లో ముసలామె వణుకుతున్న నా చేతుల్లో టీ గ్లాసు పెట్టి, తన చేతులతో పైనుంచి మూసి పట్టుకుంది. మళ్లీ కారెక్కాక ఎదురుగా వచ్చే లారీలు ఎంతో దూరం నుంచే స్పష్టంగా కనబడేవి. ఒక్కొక్కటీ కనబడినప్పుడల్లా అన్న స్వెట్టర్‌ను మెడ దగ్గర వదులు చేసుకునేవాణ్ని.

తిరిగొచ్చాక ఫోటోలు పెట్టె అడుగున దాచాను.

"భయమైందా తమ్మీ?"

"అయింది అన్నా. ఏమీ కనబడలేదు."

ఒక శుక్రవారం ప్రార్థన కూడిక నుంచి వచ్చేసరికి, సబ్బు కోసం నా పెట్టె తెరిచిన అన్న మంచం మీద ఫోటోలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఇది మంచా? దీన్ని బరఫ్ అంటరు గద."

నేను చేతిలో బైబిల్‌తో గుమ్మంలోనే నిలబడిపోయాను.

"గింత ఎండున్నది. బరఫని చెప్తే పోయేటోణ్ని గద."

"మావైపు రెండిటినీ మంచే అంటాం అన్నా," అన్నాను. ఆ మాట నిజమే. అందుకే దాని వెనక దాక్కున్నాను.

ఆయన తిట్టలేదు. ఫోటోలన్నీ దొంతి పెట్టి నా చేతికిచ్చాడు.

"అన్నం తిను భాయ్."

సైటులో ముక్కూముఖం తెలియని డ్రైవర్లను ఆయన అలాగే పిలిచేవాడు. ఆ తర్వాత రెండేళ్లు అదే గదిలో ఉన్నాం. నన్ను మళ్లీ తమ్మీ అనలేదు.