రోలర్ కింది నేల

“ఇది మైదానమా, బాతుల చెరువా? తెలీక అడుగుతున్నా.”

“వాన నేను కురిపించానా? పైకి చూసి అడుగు ఆ మాట.”

“పైకెందుకు చూస్తాను? నా పిల్లలు పడేది కింద! గోల్‌కీపర్ బూటు బురదలోనే ఉండిపోయింది, కాలు ఒక్కటే బయటికొచ్చింది. మడమ ఇంత లావున వాచింది.”

“లేసు బిగించి కట్టుకోమని నేర్పలేదా మరి? కోచ్‌వి కదా.”

“రేపట్నుంచి ఈత నేర్పుతాను. నీ గ్రౌండుకి అదే సరిపోతుంది!”

సామాన్ల షెడ్డు బయట బైకుకి స్టాండు వేస్తున్న అల్లుడు అక్కడే ఆగిపోయాడు. లోపలి గొంతుల్లో ఒకటి అతని మామగారిది, ఈ మైదానాన్ని చూసుకునే మనిషిది. రెండోది అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఊరంతా ఆమెను విజిల్ అనే అంటుంది. లోపలికి వెళ్ళాలో, కాసేపాగి రావాలో తేలక అల్లుడు సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి, మళ్ళీ ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చాడు. కుర్చీలో కూర్చుని ఒక కప్పు టీ అడుగుదాకా తాగడం కూడా చేతకాని మనిషి అతను. సగం తాగి లేచిపోతాడు. మిగతా సగం భార్య పారబోస్తుంది.

ఇంతలో విజిల్ విసురుగా బయటికొచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

“మట్టి డాక్టరువి నువ్వేగా? ముందు మీ మామ చెవులు చూడు. మట్టి తర్వాత చూద్దువుగాని.”

అల్లుడు మట్టి పరీక్షల ల్యాబులో పని చేస్తాడు. పొలాలకీ రోడ్లకీ పునాదులకీ మన్ను చూసి ఇది ఫలానా రకం అని తేల్చడం అతని పని. మైదానం ఒక క్లబ్బుది. ఆ క్లబ్బు కమిటీకి ఈ బురదతో ఓపిక అయిపోయింది. ఈ సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి అల్లుడు గొయ్యి తీయించి నేల సంగతి తేల్చి ఉంచాలి. బాగుపడే నేలైతే బాగు చేయిస్తారు. కాకపోతే లారీలు నిలుపుకోవడానికి అద్దెకిచ్చేస్తారు. అప్పుడు అమ్మాయిలు వేరే ఊరు పోయి ఆడుకోవాలి, మామగారు ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవాలి. ఇంత పెద్ద పనికి ఇతన్నే ఎందుకు పిలిచారంటే కారణం ఒకటే. ఇంటల్లుడు ఫీజు అడగడని.

మామగారిని అందరూ రోలర్ మావయ్య అంటారు. చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా అందరికీ ఆయన మావయ్యే. మీసం కూడా సరిగా రాని వయసులో ఇక్కడ పనిలో చేరాడు. అప్పట్లో నలుగురు కలిసి లాగే ఇనుప రోలర్ ఒకటుండేది. ఇప్పటికీ షెడ్డులో ఉంది. ఒకరోజు ఆ నలుగురిలో ముగ్గురు రాలేదు. ఇతను వాళ్ళను తిడుతూ కూర్చోకుండా నడుముకి తాడు కట్టుకుని ఒక్కడే లాగేశాడు. అప్పటి క్లబ్బు అధ్యక్షుడు చూసి భుజం తట్టాడు. తట్టి, మిగతా ముగ్గురినీ మానిపించాడు. నలుగురి పనికి ఒకరి జీతం. ఇతనికి అది మోసమని తోచలేదు. బిరుదనుకున్నాడు.

పెళ్ళైన కొత్తలో భార్యని వెంటబెట్టుకొచ్చి మొదట చూపించింది ఆ రోలర్‌నే. “నేను రెండోదాన్ని,” అంటుంది అత్తగారు ఇప్పటికీ. “మొదటిది ఇనుముది. అలగదు, పుట్టింటికి పోదు, కొత్త బట్టలడగదు.” కూతురికి నడక వచ్చింది ఇక్కడి గడ్డి మీదే. ఆ కూతుర్ని చేసుకుంటానని అల్లుడు మొదటిసారి వచ్చినప్పుడు మామగారు ఉద్యోగం గురించి అడగలేదు, ఇల్లూ వాకిలీ అడగలేదు. “బూట్లు విప్పి గడ్డి మీదికి రా,” అన్నాడు. విప్పాడు. “ఎలా ఉంది?” అన్నాడు. “చల్లగా ఉందండీ,” అన్నాడు ఇతను. సంబంధం ఖాయమైపోయింది.

మైదానం గచ్చులా ఉండాలి, బంతి వదిలితే గీత గీసినట్టు పోవాలి. మామగారి పంతమల్లా అదే. కానీ ఊళ్ళో నేల మొత్తం బంకమన్ను. ఎండలకి ఇటుకలా బిగుసుకుంటుంది. అప్పుడు రోలర్ మాట వినదు. వాన పడిన మర్నాడు మాత్రం పిండిముద్దలా మెత్తబడి, ఎటు నొక్కితే అటు లొంగుతుంది. అందుకే ఆయన ఎప్పుడూ వాన పడిన మర్నాడే లాగేవాడు. బయటి ఊళ్ళ జట్లు వచ్చి అద్దంలా ఉందని మెచ్చుకుని పోయేవి. కొన్నేళ్ళకి గోల్ ముందు పళ్ళెమంత మడుగు కనిపించింది. తర్వాత మంచమంత అయింది. ఆ తర్వాత గది అంత. నీళ్ళు నిలిచాయంటే అక్కడ పల్లముందన్నమాట, పల్లముందంటే రోలర్ సరిపోలేదన్నమాట. ఇంకా లాగాడు. ఇసుక తెచ్చి పోశాడు, దాని మీదా లాగాడు.

షెడ్డులోంచి మామగారు గడ్డపారా, పారా భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

“ఎంతసేపైంది వచ్చి?”

“ఇప్పుడే, మావయ్యా.”

“అబద్ధం. అంతా విన్నావు. మొహంలోనే ఉంది. పద, మబ్బు పట్టేస్తోంది.”

నిజంగానే కమ్ముకొస్తోంది. గాలి ఒక్కసారి కొట్టి, ఏదో మరిచిపోయినట్టు ఆగిపోతోంది. ఇద్దరూ కాలు కాలిన పిల్లుల్లా గోల్‌పోస్టు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మడుగు అంచున ఒక చోట నిలబడ్డారు.

“నేను తవ్వుతాను, ఇలా ఇవ్వండి.”

“అల్లుడితో గొయ్యి తవ్వించానని తెలిస్తే మీ అత్త నన్ను ఇంట్లోకి రానిస్తుందా? నువ్వు చూసేవాడివి. చూడు.”

పార దిగకముందే అల్లుడు విషయం చెప్పాడు. నీళ్ళు నిలిచే బంకనేలలు రెండు రకాలు. ఒక రకంలో అడుగున ఎప్పుడూ నీళ్ళుంటాయి, అవే పైకి ఎక్కుతాయి. గాలి అందక ఆ మన్ను లోతుకి పోయేకొద్దీ బూడిద రంగుకీ నీలానికీ తిరుగుతుంది. రెండో రకంలో పైన పడిన వానే కిందికి దిగే దారి లేక మధ్యలో చిక్కుకుంటుంది. అక్కడ బూడిద రంగు పైన ఉంటుంది, అడుగున మామూలు మన్ను.

“మొదటి రకమైతే?”

“చేసేదేం లేదు. లారీలే.”

“రెండోదైతే?”

“అడ్డుపడేదేదో తీసేస్తే సరి.”

“మొదటిదే అయ్యుంటుంది,” అన్నాడు మామగారు వెంటనే. “ఊరి నేలే అంత. పుట్టుకతో వచ్చింది. మనిషి చేసేదేముంది?”

అల్లుడు వింతగా చూశాడు. మొదటి రకమైతే ఈయన మైదానమే పోతుంది. పోతుందని తెలిసి కూడా, ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఊరట కనిపించింది.

పై మన్ను నల్లగా, జిడ్డుగా వచ్చింది. పారకి అంటుకుని రాలలేదు, ప్రతి పోటుకీ బూటుతో గీకాల్సి వచ్చింది. జానెడు దిగాక పార ఆగిపోయింది. ఖంగుమనలేదు కాబట్టి రాయి కాదు. మామగారు గడ్డపార అందుకుని పొడిచాడు. బెత్తెడు మందాన ఒక పొర పెళ్ళగా లేచింది. నీలం కలిసిన బూడిద రంగు. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది.

“చూశావా!” అన్నాడు మామగారు ముక్కు మూసుకుని. “చెప్పలేదూ? బూడిద! అడుగంతా ఇదే.”

“ఇంకా దించండి.”

“కనిపిస్తూనే ఉందిగా, ఇంకెందుకు?”

“దించండి మావయ్యా!”

గొయ్యి నడుము లోతైంది. పారతో కోసిన గోడ నున్నగా, పైనుంచి కిందిదాకా ఒకే రంగులో మెరిసిపోతోంది. బంకమన్నుతో తంటా అదే. పార దాన్ని పూతలా పూసేస్తుంది, లోపలిది కప్పబడిపోతుంది. పనికి కొత్తవాళ్ళు ఆ పూతని చూసి రకం రాసేసి చేతులు కడుక్కుని పోతారు. అల్లుడు మామగారిని పైకి ఎక్కించి, తను గోతిలోకి దిగి, చాకు మొనతో గోడని చిన్న చిన్న పెళ్ళలుగా లేపుకుంటూ వచ్చాడు.

పైన నలుపు. దాని కింద బెత్తెడు బూడిద. గడ్డి వేళ్ళు ఆ పొర దాకా వచ్చి, తలుపు మూసిన ఇంటి ముందుకొచ్చినట్టు వచ్చి, అడ్డంగా తిరిగిపోయాయి. దువ్విన జుట్టులా అన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. చచ్చిన వేళ్ళ చుట్టూ తుప్పు రంగు గీతలు. ఆ పొర కింద మన్ను గోధుమ రంగులో ఉంది. అల్లుడు నమ్మలేక సంచిలోంచి మన్ను రంగులు పోల్చి చూసే పుస్తకం తీసి ఒక పెళ్ళని దాని పక్కన పెట్టి చూశాడు. గోధుమ రంగే. ఇంకా కింద, ఇంకా కింద, గోతి అడుగుదాకా అదే. చిటికెడు తడిపి బొటనవేలితో నొక్కితే రిబ్బనులా సాగింది, అంటే అదీ బంకమన్నే. కానీ పెళ్ళని చేత్తో విరిస్తే గింజలు గింజలుగా విడిపోయింది. గాలి ఆడుతున్న మన్ను. ఆలస్యంగానైనా నీళ్ళు తాగే మన్ను.

“రెండో రకం!” అని అరిచాడు. “మావయ్యా, గ్రౌండు ఉంటుంది! లారీలూ లేవు, గీరీలూ లేవు!”

మామగారు నవ్వలేదు. గోతి అంచున గొంతుక్కూర్చుని ఆ బూడిద పొరనే చూస్తున్నాడు.

“పైన బాగుంది, కింద బాగుంది. మధ్యలో ఇదెక్కణ్ణుంచి వచ్చింది?”

అల్లుడు మళ్ళీ గోడ వైపు తిరిగాడు. సంతోషంలో అంతవరకూ ఆలోచించలేదు. ఆ పొర అడుగు బల్లపరుపుగా ఉంది. వాటంతటవి ఏర్పడిన పొరలు అంత తిన్నగా ఉండవు.

“బరువు వల్ల,” అన్నాడు నసుగుతూ. “తడిగా ఉన్నప్పుడు బంకమన్ను మీద బరువు పడితే లోపలి సందులు మూసుకుపోతాయి. మళ్ళీ మళ్ళీ పడితే ఇలా...”

“ఏం బరువు?”

షెడ్డు వైపు చూడకుండా ఉండడానికి ఇద్దరూ చాలా కష్టపడ్డారు.

మామగారు దిగ్గున లేచాడు. గడ్డపార పట్టుకుని గోల్ ముందు మడుగులోకి దిగిపోయాడు. ఎత్తి పొడిచాడు. పొర దగ్గర ఆగితే ఊగించి ఊగించి దించాడు, లాగాడు, పక్కనే ఇంకో పోటు వేశాడు. ఇంకోటి. నీళ్ళు మొహం మీదికి చిమ్ముతున్నా తుడుచుకోలేదు.

“దిగదు,” అన్నాడు రొప్పుతూ. “చూస్తూ ఉండు. చుక్క దిగదు.”

మడుగు అంచున ఒక పుల్ల గుచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరగసాగాడు. అల్లుడు ఇంకోవైపు నుంచి తిరుగుతున్నాడు. పొడిచిన చోటల్లా బుడగలు లేచి పగులుతున్నాయి. మొదట ఏమీ కాలేదు. తర్వాత నీటి అంచు పుల్లని వదిలి వేలెడు లోపలికి జరిగింది. తర్వాత బెత్తెడు. ఏళ్ళ తరబడి బకెట్లతో తోడిపోసినా మర్నాటికల్లా తిరిగొచ్చే మడుగు, తడి గడ్డిని వెనక వదిలేస్తూ చిన్నదైపోతోంది.

“నేనే తొక్కేశానన్నమాట,” అన్నాడు మామగారు.

“తెలిసి చేశారా మావయ్యా? ఎవరు చెప్పారు మీకు?”

“పని ఎగ్గొట్టి చెడగొట్టిన వాణ్ణి చూశాను. నేను ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. ఒళ్ళు కాలిపోతుంటే కూడా లాగాను. మీ అత్త తలుపుకి అడ్డం నిలబడితే తోసుకుని వచ్చి లాగాను.” గడ్డపార నేలకేసి గుచ్చాడు. “జ్వరం వచ్చిన రోజులన్నా పడుకోవాల్సింది.”

మాట తోచనప్పుడు మనిషి ఊరుకోవాలి, అల్లుడికి అది రాదు.

“కారణం మనం చెప్పక్కర్లేదు,” అన్నాడు గబగబా. “మధ్యలో పొర ఉంది, లోతుగా ఇనుప పళ్ళు దింపి విరగ్గొట్టాలి, పక్కన కాలవ తీయాలి అంటాను. అది నిజమే కదా. ఎలా వచ్చిందని ఎవడూ అడగడు.”

“విరగ్గొట్టాక?”

“ఆ తర్వాత గడ్డి దానంతటదే...”

“ఆ తర్వాత వాన పడుతుంది. మర్నాడు మెత్తగా ఉంది కదా అని నా తర్వాత వచ్చినవాడు రోలర్ లాగుతాడు. మంచి గ్రౌండు అంటే అలా చేయాలని ఊరందరికీ నేర్పింది నేనే. పొర మళ్ళీ కడుతుందా, కట్టదా?”

“కడుతుంది.”

మామగారు కార్నర్ జెండా దాకా నడిచాడు. అక్కడ నిలబడి ఏదో గొణుక్కున్నాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఒకసారి షెడ్డు దాకా పోయి, తలుపు మీద చెయ్యి వేసి, తెరవకుండానే వచ్చేశాడు. గాలి ఈసారి ఆగలేదు. గోల్ వల ఉబ్బి ఉబ్బి పడుతోంది. గేటు దగ్గర కారు తలుపులు వేసిన చప్పుడైంది. అధ్యక్షుడు గొడుగు విప్పే ప్రయత్నంలో ఉన్నాడు, వెనక ఇద్దరు కమిటీవాళ్ళు పంట్లాములు మడుచుకుంటున్నారు. వాళ్ళకి ముందు విజిల్ చేతులూపుకుంటూ వచ్చేస్తోంది. మడుగు ఉండాల్సిన చోట సగం కూడా లేకపోవడం చూసి ఆమె నడక తడబడింది.

అల్లుడు సంచి తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. మామగారు అతని పక్కనుంచి పోయి, గోతిలోకి దిగి, బూడిద పొర వీపుకి తగిలేలా నిలబడ్డాడు.

“ఆ చాకు ఇటివ్వు,” అన్నాడు. ఇచ్చాక పిడిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “అల్లుడూ, ఏ రకం నేలో నువ్వు చెప్పు. అది నీ చదువు. ఈ పొర ఎలా వచ్చిందో మాత్రం నేను చెప్తాను.”

“సరే, మావయ్యా.”

“నలుగురి ముందు మాట్లాడి ఎరగను. మధ్యలో ఆగిపోతాను. ఆగానని నువ్వు అందుకోకు. ఆ కోచ్ అమ్మాయి ఏమన్నా, అధ్యక్షుడు ఏమన్నా, నా తరఫున ఒక్క ముక్క కూడా మాట్లాడకు. మిగతాది నా నోటితో నేను అనేదాకా ఆగు.”