మా అత్తమ్మ నమ్మని విలన్

ఈ సాయంత్రం మా అత్తమ్మను సికింద్రాబాద్‌లో సినిమా నటులు వేసే నాటకానికి తీసుకెళ్లాను. సినిమాల్లో ఎప్పుడూ విలన్‌గా కనిపించే ఒకాయన ఇందులో కూతురి కోసం ప్రాణమిచ్చే తండ్రి. ఆయన కూతురికి పాలగ్లాసు అందించగానే నా పక్కనున్న అత్తమ్మ లేచి నిలబడింది.

"బిడ్డా, తాగకు! అందుల వాడేందో కలిపిండు!"

హాలంతా గొల్లున నవ్వింది. నాకు కుర్చీ కింద దూరాలనిపించింది. ఆయన మాత్రం నాటకం ఆపి చేతులు జోడించారు.

"అమ్మా, గీ ఒక్క నాటకంల నేను మంచోన్ని. జెర నమ్ముండ్రి" అంటూ ఆ పాలు తనే ఒక గుక్క తాగి చూపించారు.

చప్పట్లే చప్పట్లు! ఆటోలో అడిగాను, "ఇప్పుడన్న నమ్మినవా అత్తమ్మా?" అని.

"మంచోని లెక్క మస్తు యాక్టింగ్ చేసిండు" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి అత్తమ్మ ఉంటే చెప్పండి, వచ్చేసారి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మనం వెనక వరసలో కూర్చుందాం.