శాంతక్క గొంతు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. గుణదలలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అయినా నాకు జరిగింది జరగలేదని ఎవరన్నా సరే ఊరుకోను.

మొన్న వానాకాలంలో గన్నవరంలో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే స్కూటర్ జారి మేమిద్దరం పడ్డాం. మావారికి మోచేయి చీరుకుపోయింది. నా తల డివైడర్‌కి కొట్టుకుంది. ఆ రోజే స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. గుండె కవాటం మార్పించుకున్నప్పటి నుంచీ రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నానని చెప్పాను. జాగ్రత్తగా చూసుకోమని పంపించేశారు.

కొన్ని వారాలు పోయాక తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే ఎక్కువ. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలోంచి జారేది. కుడికాలి చెప్పు వరండాలో జారిపోయినా తెలుసుకోలేకపోయాను. ఒకరోజు పట్టకం చేతిలో పట్టుకుని 'వక్రీభవనం' అనే మాట కోసం వెతుక్కుంటూ నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా చెబుతున్న పాఠం.

మా వీధి డాక్టరు గారు మైగ్రేన్ అని మాత్రలిచ్చారు. మావారు "టెన్షన్ సునీతా, సెలవు పెట్టి పడుకో" అన్నారు.

పడుకున్నాను. మధ్యాహ్నం, ముందుగదిలో దివాన్ మీద. కరెంటు పోయింది. ఫ్యాన్, టీవీ ఏవీ లేవు. నిద్ర నన్ను లోపలికి లాగేస్తోంది. అప్పుడు నా తల దగ్గర ఒక ఆడగొంతు వినిపించింది.

"పాపా, పడుకోమాకే. లే. తల మళ్ళీ చూపించుకో."

అది మా శాంతక్క. నన్ను పాపా అని పిలిచేది ఆమె ఒక్కతే. గొంతులో కేన్సర్ వచ్చి, మాట బొంగురుపోయి, నా పెళ్ళికి ముందే చనిపోయింది. ఆ బొంగురు గొంతే. భయం వేయలేదు. "సరేలే అక్కా" అని కష్టం మీద కళ్ళు తెరిచాను. ఎవరూ లేరు.

లేచి కూర్చున్న కాసేపటికి మా అత్తగారు వంటింట్లోంచి రెండు గ్లాసుల్లో టీ తెచ్చారు. గదంతా చూశారు.

"ఆవిడేదీ? అప్పుడే వెళ్ళిపోయిందా?"

"ఎవరత్తయ్యా?"

"అదేనే, ఇందాక నిన్ను లేపుతోందే. గొంతు బొంగురుగా ఉంది, జలుబేమోనని టీలో అల్లం దంచి వేశా."

మా అత్తగారు శాంతక్కను ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు సంగతి నేను ఇంట్లో చెప్పినట్టూ గుర్తులేదు. వెంటనే మావారికి ఫోన్ చేశాను. "మళ్ళీ స్కానా?" అని నసిగారు. "మీరు రాకపోతే ఆటో ఎక్కి నేనే పోతా" అన్నాను. వచ్చారు.

పుర్రెకీ మెదడుకీ మధ్య ఎడమవైపు రక్తం చేరి ఉంది. దెబ్బ తగిలిన రోజు కనపడకుండా, తర్వాత మెల్లగా ఊరిందట. వాడే మాత్రల వల్ల అలా జరిగే అవకాశం ఎక్కువట. అది మెదడుని నొక్కడం వల్లే కుడిచెయ్యి పట్టు తప్పింది, మాటలు పోయాయి. ఆ సాయంత్రమే పుర్రెకి చిల్లు పెట్టి రక్తం తీసేశారు. ఆ నిద్రలోనే ఉండిపోతే మళ్ళీ లేచేదాన్ని కాదేమో అన్నారు సర్జన్ గారు.

చెయ్యి బాగుపడింది. మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చెకప్‌కి వెళ్ళినప్పుడు సర్జన్ గారికి అంతా చెప్పాను.

"మెదడు మీద ఒత్తిడి ఉంటే ఒక్కోసారి అలా వినిపిస్తాయి మేడమ్."

"నా తలకి దెబ్బ తగిలింది, సరే. మరి మా అత్తగారి తలకి ఏం తగిలింది డాక్టర్ గారూ?"

"పెద్దావిడ కదండీ, పొరబడి ఉంటారు."

పక్కనే కూర్చున్న మా అత్తగారు ఊరుకోలేదు. "పొరబడేదాన్నయితే టీలో ఉప్పు వేసేదాన్ని నాయనా, అల్లం కాదు."

మా చర్చిలో ఒకావిడ అది దురాత్మ అని, ప్రార్థన చేయించి వదిలించుకోమని చెప్పింది. నన్ను బతికించిన మనిషిని ఎందుకు వదిలించుకోవాలండీ అని మొహం మీదే అడిగాను.

గాలి కంపిస్తేనే చెవికి ధ్వని చేరుతుందని పిల్లలకు చెబుతాను. ఆ మధ్యాహ్నం మా ముందుగదిలో గాలి కంపించింది. ఇద్దరం విన్నాం. దాన్ని కంపింపజేసింది ఏమిటో నాకు తెలియదు. తెలిసిందని అబద్ధం చెప్పను. వినలేదని అసలే చెప్పను.