ఆటల గదిలో గాలి బాగుంది

పోయిన ఆదివారం నుంచి తాండూరులో నేను తలెత్తుకుని తిరగలేకపోతున్నాను. దానికి కారణం గాలి. నవ్వకండి, మొత్తం విన్నాక నవ్వుదురుగాని. టీ చల్లారితే మళ్లీ పెట్టిస్తాను.

మీకు తెలిసిందేగా, నేను రోజూ వికారాబాద్‌లో పాసింజర్ ఎక్కి తాండూరు ఆడపిల్లల బడికి డ్రాయింగ్ చెప్పడానికి వస్తాను. అదే బళ్లో లెక్కలు చెప్పే నాగరత్నం నా ప్రాణ స్నేహితురాలు. వాళ్లది సేడం వైపు, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక పిచ్చి బొమ్మల కథల పుస్తకాలు. పిల్లల దగ్గర దొరికితే లాక్కుని, స్టాఫ్‌రూంలో మేం చదివి, సాయంత్రం తిట్టి తిరిగిస్తాం. ఊళ్లో టీవీలు ఇంకా నాలుగిళ్లకే వచ్చాయి, మిగతా అందరికీ ఆ పుస్తకాలే దిక్కు. అందుకని ఒక ఆదివారం బొమ్మల కథల మేళా పెడదామనుకున్నాం. పుస్తకాలు మార్చుకోవడం, బొమ్మలు గీసే పోటీ, ఒక మూల గదిలో ఆటలు. పుస్తకాల హాలు నాగరత్నం తీసుకుంది. ఆటల గది నేను తీసుకున్నాను. ఎందుకంటారా, అందులో పని తక్కువ అనుకున్నాను. అదీ నా తెలివి!

చోటు ఇచ్చింది బసప్ప సేఠ్. బండల వ్యాపారి, ఆయన కూతురు మా దగ్గర చదువుకుంది. కొత్తగా ఫంక్షన్ హాల్ కట్టాడు, ఇంకా తెరవలేదు. మేళా అయ్యాక వచ్చే గురువారం ఆ కూతురి పెళ్లే అందులో మొదటి పెళ్లి. మాకు చూపించేటప్పుడు గుమ్మం బయటే చెప్పులు విడిచి, గుళ్లో నడిచినట్టు నడిచాడు. నీలం బండలు, అద్దంలా పాలిష్. మేకు కొట్టొద్దు, నూనె చుక్క పడొద్దు, గీత పడొద్దు అని మూడు షరతులు పెట్టి, నాలుగోది నా వైపు తిరిగి చెప్పాడు.

"టీచరమ్మా, గా ఆటల గది మీదనే నాకు అనుమానం. వచ్చినోళ్లతోని ఏమనుకున్నరో రాయించుండ్రి. మంచిగున్నదంటే వచ్చే ఏడు గూడ ఇస్త. లేకుంటే గా గదిల వంట గిన్నెలు పెట్టుకుంట."

అభిప్రాయాలు రాయించడం నాకెంత సేపు. పెద్ద నోటు పుస్తకం కొని, అట్ట మీద పులి బొమ్మ వేసి, 'ఆటల గది ఎలా ఉంది?' అని రంగుల్లో రాశాను. పుస్తకం సిద్ధం, ఆటలే లేవు.

శనివారం వెళ్లి గది నేల మీద సుద్దతో పులి-మేక, దాడి, అష్టాచెమ్మ గీశాను. గోడ పక్కన నీళ్ల పైపులేవో అడ్డంగా పడుంటే అవతలికి జరిపించాను కూడా. సుద్ద గీతల మీద ఇద్దరు నడిచేసరికి పులి బోను కాస్తా పిండి మరక అయింది. ఆ నున్నటి బండ మీద సుద్ద నిలవదు. అక్కడ ఖాసిం చాచా కనపడ్డాడు. సేఠ్ పాలిషింగ్ యూనిట్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు, ఈ నేలంతా పరిచింది ఆయనే. నాకు రైలు టైం అయిపోతోంది. రేపు సాయంత్రం దాకా చెరిగిపోకుండా ఏదైనా చెయ్యి చాచా, ఆటలు నీకే తెలుసు కదా అని చెప్పి స్టేషన్‌కి పరుగెత్తాను. పని ఒకరికి అప్పజెప్పి వెనక్కి చూడకుండా పోవడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

ఆదివారం పాసింజర్ గంట లేటు. నేను చేరేసరికి ఆటల గదిలో అప్పటికే జనం. కరణ్‌కోట ఫ్యాక్టరీ వాళ్లు నలుగురు, మా బడి పిల్లలు, వాళ్ల అమ్మలు, అందరూ గుంపులుగా నేల మీద కూర్చున్నారు. వంగి చూశాను.

చెక్కేశాడండీ. ఉలితో. నాలుగు బండల మీద నాలుగు ఆటలు. పులి-మేక గీతలు వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వంకర లేకుండా. దాడికి మూడు చదరాలు ఒకదానిలో ఒకటి. అష్టాచెమ్మ గడులు. నాలుగో బండకైతే వామనగుంటలు, రెండు వరసల్లో పద్నాలుగు గుంతలు, గిన్నెల్లా నున్నగా తొలిచి పెట్టాడు. ఆడుకోవడానికి రాతి ముక్కలు కూడా చేశాడు, ఒకరికి గుండ్రటివి, ఒకరికి చదరపువి.

ఇరవై ఏళ్లుగా డ్రాయింగ్ చెప్తున్నాను, స్కేలు పెట్టినా నాకు అంత తిన్నటి గీత రాదు. నిజం చెప్పాలంటే కొంచెంసేపు భయం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. తర్వాత గురువారం పెళ్లి గుర్తొచ్చింది. సేఠ్ చెప్పులు విడిచి నడిచిన నేల గుర్తొచ్చింది.

చాచా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఎట్లున్నదని అడిగాడు. తిట్టడానికి నోరు రాలేదు, బాగుందన్నాను. సేఠ్ చూస్తే ఎలా చాచా అని మాత్రం మెల్లిగా అడిగాను.

"సూడనియ్ టీచరమ్మా. చేసిన పని సూడాలె గద," అని నవ్వి, యూనిట్‌లో పని ఉంది, సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు.

చూశారా అమాయకత్వం అనుకున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగం పోయే పని చేసి, పైగా చూడాలట. చెప్పింది నేను, చేసింది ఆయన, రేపు రోడ్డున పడేది కూడా ఆయనే. ఏమైనా సరే సేఠ్ కంట ఈ బండలు పడకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

ఇక ఆ రోజంతా జనం తగ్గలేదు. పుస్తకాల హాల్లోంచి మనుషులు ఇటు వస్తున్నారని నాగరత్నం రెండుసార్లు వచ్చి నామీద అలిగింది. నోటు పుస్తకం నిండుతోంది. నిండుతున్నకొద్దీ నాకు చెమటలు. ఒకాయన 'బండ చెక్కిన చేతికి దండం' అని రాశాడు. ఇంకొకాయన 'పులికి ఒక దారి ఎక్కువుందేమోనని రెండుసార్లు లెక్కపెట్టిన, లేదు, నాకే ఆట రాదు' అని రాశాడు. 'ఇట్లాంటి బండ మా ఇంట్లో ఉంటే మా ఆయన బయటికి పోడు' అని ఒకావిడ. ఎవరు రాసినా బండ, బండ, బండ! గదిలో నేను పెట్టిన మంచినీళ్ల కుండ గురించి ఒక్కరైనా రాయొచ్చు కదా.

మధ్యాహ్నం బంట్వారం నుంచి ఒక పిల్ల వాళ్ల అవ్వని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అవ్వకి చూపు లేదు. ఊరికే కూర్చుంటుందిలే అనుకున్నాను. చేతికి బండ తగిలింది. వేళ్లతో గీత వెంబడి మెల్లిగా పోయింది, మూలకి వచ్చింది, ఆగింది. "దాడి గదనే గిది," అంది. అంతే, మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టింది. గుండ్రటి ముక్క ఏదో, చదరం ముక్క ఏదో చేతికే తెలుస్తోంది. రెండు ఆటలు వరసగా గెలిచింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిరుగుతూనే ఇది కూడా పుస్తకంలో ఎక్కుతుంది కదా దేవుడా అనుకున్నాను.

నాలుగింటికి సేఠ్ జీపు ఆగింది.

ఆడేవాళ్లని బతిమాలి బోండాల కోసం బయటికి పంపేశాను. ఎర్ర జంపఖానా తెచ్చి నాలుగు బండల మీదా పరిచేశాను. మధ్యలో బల్ల, దాని మీద పుస్తకం, రెండు కుర్చీలు. సేఠ్ వచ్చాడు. జంపఖానా వైపు చూశాడు, నా వైపు చూశాడు, కూర్చున్నాడు. ఏం రాశారో వినిపించమన్నాడు. ఆయన చదువంతా కన్నడంలో. తెలుగు గడగడా మాట్లాడతాడు కానీ అక్షరం చదవలేడు. ఆ క్షణంలో దేవుడు నా పక్షాన ఉన్నాడనిపించింది.

పుస్తకం నావైపే తిప్పుకుని మొదటి పేజీ తెరిచాను. 'బండ చెక్కిన చేతికి దండం' అని ఉంది. నేను, గదిలో గాలి బాగుంది అని చదివాను.

సేఠ్ తల ఊపాడు. ఇంకేం రాశారన్నాడు. రెండో పేజీ తిప్పి, కిటికీలు పెద్దవి కాబట్టి గాలి ధారాళంగా వస్తోంది అన్నాను. ఇంకా అన్నాడు. మూడో పేజీలో వెలుతురు బాగుంది, గాలి కూడా బాగుంది. అబద్ధం చెప్పడానికి కూడా కాస్త ఊహ ఉండాలండీ, నాకు భయంలో గాలి తప్ప ఇంకేమీ తట్టలేదు. ఒక్కో పేజీకీ సేఠ్ ముందుకు వంగుతున్నాడు. ఆటల సంగతి ఎవరూ రాయలేదా అని రెండుసార్లు అడిగాడు. లేదు సేఠ్, అందరికీ గాలే నచ్చింది అన్నాను. చివరికి ఆయన మొహం వాడిపోయింది.

"అందరికీ గాలే నచ్చితే ఇంక ఆటలెందుకు టీచరమ్మా. వచ్చే ఏడు గిన్నెలే పెట్టుకుంట."

ఇదెక్కడి గోల. చాచాని కాపాడబోయి ఆటల గదిని నా చేతులతోనే ముంచేశాను. నిజం చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే గది పోతుంది. ఏది మేలో లెక్క వేసుకుంటున్నాను. ఈలోగా సేఠ్, నేనూ ఒక మాట రాసి పోతా అని పుస్తకం తనవైపు లాక్కున్నాడు.

అక్కడ నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. వచ్చినవాళ్లంతా బొమ్మల కథల పిచ్చివాళ్లు. వాళ్లు ఊరికే రాస్తారా? ప్రతి పేజీలోనూ బొమ్మ వేశారు. పులి-మేక బండ, పైన గంతులేస్తున్న మేకలు. ఉలి, సుత్తె పట్టుకున్న గడ్డం చాచా. వామనగుంటల చుట్టూ నలుగురు ఆడవాళ్లు. బంట్వారం పిల్ల అయితే పేజీ నిండా వేసింది, బండ మీద వేలు పెట్టి నవ్వుతున్న అవ్వని. బొమ్మ చూడటానికి తెలుగు రావాలా?

సేఠ్ ఒక్కో పేజీ తిప్పాడు. అన్నీ చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"గాలి గిట్ల ఉంటదా టీచరమ్మా?"

ఇంక నా వల్ల కాలేదు. లేచి నిలబడి చేతులు జోడించాను. తప్పు నాది సేఠ్, చెరగకుండా చెయ్యమని నేనే చెప్పాను, ఖాసిం చాచాని పనిలోంచి తీసెయ్యకండి, బండలు పాడైతే నన్ను అనండి అని గడగడా చెప్పేశాను. సేఠ్ అయోమయంగా చూశాడు. సరిగ్గా అప్పుడే చాచా గడ్డపార భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

"ఖాసిం, నిన్నెందుకు తీసెయ్యాలె?" అన్నాడు సేఠ్.

చాచాకీ తెలియలేదు. జంపఖానా ఎందుకు పరిచారమ్మా అనుకుంటూ ఒక కొస ఎత్తాడు. పులి-మేక బయటపడింది. గడ్డపార మొన సందులో పెట్టి కొద్దిగా ఎత్తితే, బండకి బండ పైకి లేచింది. కింద ఇసుక.

"గీ వరసల నీళ్ల పైపు ఏసేదున్నది, అందుకే సిమెంటు పొయ్యలె. మంచి బండలు నాలుగు తీసి అవతల పెట్టిన. మూల ఇరిగినయి యూనిట్ల పడి ఉండె, సేఠ్‌ను అడిగి గవ్వి చెక్కి పెట్టిన. ఎవలన్న నేల పర్సిన చేతితోని నేలను పాడు చేసుకుంటరా, టీచరమ్మా?"

అంటే సేఠ్‌కి శనివారమే తెలుసు. ఆయన వచ్చిందే తన మూలలు విరిగిన బండల గురించి నలుగురూ ఏమన్నారో వినడానికి. నేనేమో ఆయనకి గంటసేపు గాలి వినిపించాను. గోడ పక్క ఆ నీళ్ల పైపుల్ని జరిపించింది నేనే కదా! ఊరందరికీ బండలు చూసే కన్ను ఉంటుంది, డ్రాయింగ్ టీచర్‌కి తప్ప.

సేఠ్ నవ్వలేదు. మొదటి నుంచి మళ్లీ చదవమన్నాడు, ఈసారి ఉన్నది ఉన్నట్టు. చదివాను. బంట్వారం పిల్ల పేజీ వచ్చేసరికి ఒక్కో మాటా మెల్లిగా చదివాను. 'మా అవ్వకు సూపు పోయి ఆరేండ్లయింది. గీతలు లోపలికి ఉన్నయి గాబట్టి ఏలుతోని తడిమి ఆడింది. నన్ను రెండుసార్లు ఓడగొట్టింది. నేను చిన్నగున్నప్పుడు ఎట్ల నవ్వుతుండెనో గట్ల నవ్వింది.'

సేఠ్ కుర్చీలోంచి దిగి, జంపఖానా పక్కకి లాగి, నేల మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని దాడి గీత మీద వేలు పోనిచ్చాడు. మూడు చదరాలూ తిరిగి వచ్చాక చాచా వైపు చూసి, మూల విరిగిన బండని పారేద్దామనుకున్నాను కదా ఖాసిం అన్నాడు. చాచా చేతికంటిన రాతిపొడి దులుపుకున్నాడు. ఆ మనిషి ముందు నాకు నేను చాలా చిన్నగా కనిపించాను, అది మాత్రం దాచుకోవాల్సిన సంగతి కాదు.

ఆ నాలుగు బండల్నీ సోమవారమే హాలు వరండాలో సిమెంటు పోసి పక్కాగా వేయించాడు సేఠ్. గురువారం పెళ్లిలో మగపెళ్లివాళ్ల పెద్దాయన్ని భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. పులి చిక్కుకుపోయింది, ఇప్పుడు లేవలేను అన్నాడట.

వెళ్లేముందు సేఠ్ పుస్తకంలో రాసిన మాట ఒకటుంది. కన్నడంలో నాలుగు వరసలు. నాకు కన్నడం రాదు, ఆయన్నే అడిగే ధైర్యం అంతకన్నా లేదు. మర్నాడు స్టాఫ్‌రూంలో అందరూ ఉండగా నాగరత్నం చేతికిచ్చాను. ఆమె చూసింది, కళ్లజోడు సర్దుకుంది, మొహం ఏమాత్రం మార్చకుండా చదివింది.

"గదిలో గాలి బాగుంది."

స్టాఫ్‌రూం గొల్లుమంది. నేను కాళ్లావేళ్లా పడితే అప్పుడు అసలుది చదివింది. 'ఆటలు బాగున్నాయి. ఖాసిం పని ఇంకా బాగుంది. వచ్చే ఏడు కూడా గది ఇస్తాను. చదివి వినిపించడానికి మాత్రం ఇంకొకరిని పెట్టుకోండి.'

ఆ సంగతి స్టాఫ్‌రూం దాటడానికి ఒక్క పీరియడ్ పట్టింది. ఇప్పుడు నేను క్లాసులో అడుగు పెట్టగానే మొదటి బెంచీ పిల్ల లేచి, ఎవరూ చెప్పకుండానే కిటికీ రెండు రెక్కలూ తెరుస్తోంది. నేనేమీ అనడం లేదు. ఏమని అంటాను, గాలి నిజంగానే బాగుంటోంది.