ఇప్పుడు నీ మొర

నా జీవితంలో నేను మొట్టమొదట చదివిన తెలుగు, నా గొంతును తప్పుపడుతూ ఎవరో రాసిన సమీక్ష.

మాది ఉడుమలైపేట పక్కన కొబ్బరితోటల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగుకు అక్షరాలున్నాయని తెలుసు గాని వాటితో మాకెప్పుడూ పని పడలేదు. మా పెళ్ళిపత్రికలు కూడా తమిళంలోనే అచ్చు వేస్తారు. చదువయ్యాక తుడియలూరులో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టరుగా చేరాను. విడుదలకు ముందు ఆటను పదేపదే ఆడి తప్పులు పట్టడం నా పని. చేరిన రోజే రెండేళ్ళ బాండు మీద సంతకం పెట్టించుకుని, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. కింది అంతస్తులో పంపుల వర్క్‌షాపు. అక్కడ లేతు మిషన్లు తిరిగినంతసేపూ పైన మా బల్లలు సన్నగా వణుకుతుండేవి.

అప్పుడు మా చేతిలో ఉన్నది ఒక పేరున్న ఆటకు అనుబంధంగా వచ్చే కొత్త ఆట. అసలు ఆటలో పరిగెత్తాలి, గోడలు దూకాలి, కాల్చాలి. మా దాంట్లో అదే కథలోని సైనికులను గళ్ళ మీద నిలబెట్టి, చదరంగంలోలాగా ఒకసారి మనం, ఒకసారి శత్రువు ఎత్తు వేయాలి. పరిగెత్తే ఆటను తెచ్చి కూర్చోబెట్టారని అభిమానులు ముందునుంచే గొణుగుతున్నారు.

విడుదలకు నెల ఉందనగా, ఆటను అమ్మే పెద్ద కంపెనీ తెలుగు గొంతు కూడా కావాలంది. హైదరాబాదు నుంచి మనిషిని రప్పించే వ్యవధి లేదు. మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఉంగ వీట్టుల తెలుంగు దానేమ్మా?" అన్నాడు, మీ ఇంట్లో తెలుగే కదా అని. అవునన్నాను. నన్ను అడగడం అక్కడితో అయిపోయింది.

రికార్డింగు గది అంటే పాత సామాన్ల గది. గోడలకు స్పాంజి అతికించారు. తలుపు సరిగా పడేది కాదు, బయటినుంచి గడియ పెడితేనే సందు మూసుకునేది. చప్పుడు పడుతుందని ఫ్యాను పెట్టలేదు. లేతులు ఆగేది మధ్యాహ్నం భోజనాల వేళే కాబట్టి రోజూ ఒంటిగంట నుంచి రెండింటి దాకా నేను ఆ గదిలో ఉండేదాన్ని. సౌండు చూసే ఆయన గడియ పెట్టి, హెడ్‌ఫోనులో "రెడీయా మా?" అని అడిగేవాడు. ఒకరోజు మధ్యలో కరెంటు పోయింది. ఆయన జనరేటరు సంగతి చూడటానికి కిందికి వెళ్ళాడు. చీకట్లో తలుపు మీద తట్టాను. స్పాంజి వల్ల నా చప్పుడు నాకే సరిగా వినబడలేదు. ఆయన వచ్చి గడియ తీసేసరికి చేతిలోని కాగితం చెమటకు తడిసి, అక్షరాలు అలుక్కుపోయాయి.

ఆ కాగితాల మీద ఇంగ్లీషు మాటలకు తెలుగు నేనే కూర్చి, తమిళ అక్షరాలతో రాసుకునేదాన్ని. తెలియనివి పొద్దున్నే ఊళ్ళో ఉన్న మా అవ్వకు ఫోను చేసి అడిగేదాన్ని.

"అవ్వా, పగవాడికి కనపడకుండా పొంచి ఉంటే దాన్నేమంటాం?"

"మాటు వేసేది."

"గోడ వెనక్కి పొమ్మంటే?"

"చాటుకు పో అనేది."

"కొట్లాట ఒదిలేసి తిరిగి రమ్మంటే?"

"వెనక్కి మళ్ళమనేది. ఏమి కన్నూ, ఎవురితో కొట్లాట నీకు? సాపాడు అయిందా లేదా?"

ఆటలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడే మాట వేరే ఉంది. శత్రువు ఎత్తు ముగియగానే, నేను గొంతిచ్చే సేనాపతి ఆటగాడిని పిలుస్తుంది, ఇక నువ్వు ఆడు అని. దానికి మాట నాకు తెలుసు. తమిళంవాళ్ళ 'ముఱై' మా నోళ్ళలో 'మొర'. చిన్నప్పుడు పాచికలేసి తాయం ఆడేటప్పుడు రోజుకు వందసార్లు అన్న మాటే. "ఇప్పుడు నీ మొర" అని ఒక్క టేకులో చెప్పేశాను.

విడుదలైన రోజు పొద్దున అందరం పెద్ద తెర ముందు చేరి సమీక్షలు చదివాం. ఇంగ్లీషు పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు. గళ్ళ ఆటలో తెలివి ఉందన్నారు, వాన కురిసే యుద్ధం బాగుందన్నారు, శత్రువు ఎత్తు వేయడానికి మరీ ఆలస్యం చేస్తున్నాడన్నారు. పాత అభిమానులు మాత్రం ఇది మా ఆట కాదని తిట్టారు. మేనేజరు అన్నిటికీ తల ఊపుతున్నాడు. అప్పుడు ఎవరో తెలుగు సమీక్షలు కూడా చూద్దామన్నారు. మాలో ఎవరికీ చదవడం రాదు. అనువాదం చేసే యాప్‌లో వేశారు. తెర మీద ఇంగ్లీషులో వచ్చింది, ఈ సేనాపతి మాటిమాటికీ 'ఇప్పుడు నీ ఏడుపు' అంటోందని.

గది గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

మర్నాటికి అలాంటివి ఇంకా వచ్చాయి. ఒకతను, 'రెండు గంటలు ఆడాను, నా మొర ఎవరూ ఆలకించలేదు' అని రాశాడు. ఇంకొకతను, 'ఈ అరవ గొంతు ఎక్కడ దొరికింది?' అన్నాడు. అరవం అనేది మేం ఇంట్లో తమిళాన్ని పిలిచే పేరు. బడిలో నన్ను తెలుగుపిల్ల అని వేరుగా చూసేవాళ్ళు. ఇక్కడ వీళ్ళు నన్ను అరవదాన్ని చేశారు. నాకు నిలబడటానికి చోటు లేనట్టు అనిపించింది. నా పనేమో రోజంతా అదే ఆట ఆడటం. ప్రతి ఎత్తుకీ నా గొంతే నన్ను పిలిచేది. హెడ్‌ఫోను తీస్తే పని చేయడం లేదేమని అడుగుతారు. రాజీనామా ఇద్దామంటే సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి.

యాప్ చెప్పే ఇంగ్లీషు మీద నమ్మకం పోయి, అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. అక్షరమాల కాగితం ఒకటి అచ్చు తీయించి నేనుండే హాస్టలు గది గోడకు అంటించాను. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న సమీక్ష తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పదకొండు రోజులు చదివాను. రాసినాయన కోపిష్ఠి కాదు. 'చాటుకు పో', 'మాటు వెయ్యి' అన్న మాటలు విని ఎన్నాళ్ళయిందో అని రాశాడు. ఆ తరవాత, 'వంతు అనడానికి మొర అనే మనిషికి ఈ పని ఇవ్వకుండా ఉండాల్సింది' అన్నాడు. మొదటి వాక్యం యాప్‌లో రానేలేదు. రెండో వాక్యం చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పెద్ద కంపెనీ ఆ ఒక్క మాట మార్చమంది. మళ్ళీ ఆ గది, మళ్ళీ గడియ. ఈసారి హెడ్‌ఫోనులో హైదరాబాదు నుంచి ఒకావిడ. చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఇప్పుడు మీ వంతు. ఒకసారి అనండి."

అన్నాను.

"చివర్లో రాగం తీస్తున్నారండీ. అడిగినట్టు వద్దు, చెప్పినట్టు చెప్పండి."

మళ్ళీ అన్నాను. మళ్ళీ. ఎన్నిసార్లు అన్నా నా రాగం పోలేదు. కాసేపటికి అది మాటలాగే లేకుండా పోయింది. ఆవిడ నన్ను ఊరడించాలని కాబోలు, "పర్లేదండీ, మీరు తెలుగు బాగానే మాట్లాడుతున్నారు. ఎక్కడ నేర్చుకున్నారు?" అంది.

"ఇంట్లో" అన్నాను.

ఇంతలో కింద లేతులు మొదలయ్యాయి. తలుపు తీశారు.

రెండు రోజులకు కబురు వచ్చింది, మొత్తం తెలుగు హైదరాబాదులోనే వేరేవాళ్ళతో చెప్పిస్తున్నామని. ఆ ఆదివారం ఊరికి పోయాను. అవ్వ కళ్ళంలో కూర్చుని కొబ్బరి మట్టలు చీలుస్తోంది. జరిగింది చెప్పాను.

"వంతు అంటే తెలుసా అవ్వా నీకు?"

"ఎందుకు తెలీదు? బావి కాడ నీళ్ళకు మా అమ్మావాళ్ళు వంతు అనే అంటా ఉండిరి. మీ నాయన కాలంలో మొర అయిపోయ."

"మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలా కన్నూ."

నిజమే. అడగలేదు. తెలిసిందనుకున్న మాట గనక అడగలేదు. అవ్వ ఇంకో మట్ట అందుకుంది. ఆమె ముఖంలో బాధేమీ కనిపించలేదు. ఉన్న బాధంతా నాకే.

కొత్త గొంతుతో ఆట వచ్చాక దాన్ని పరీక్షించే పని నాకే ఇచ్చారు. పాత గొంతు ఎక్కడైనా మిగిలిపోతే తప్పు కింద రాయాలి. మూడు వారాలు ఆడాను. కొత్తావిడ శుభ్రంగా చెప్పింది. వాన యుద్ధంలో, ఒక సైనికుడు కూలినప్పుడు మాత్రం "వెనక్కి మళ్ళు" అని నా గొంతు వచ్చింది. ఆట ఆపి, ఆ చోటికి ఇంకోసారి వెళ్ళి విన్నాను. బాగానే చెప్పాననిపించింది. వదిలేద్దామా అనుకున్నాను. ఇంకో టెస్టరుకు దొరికితే నేను దాచానంటారు. తప్పు అని రాసి పంపించాను. సాయంత్రానికి సరిచేశారు.

ఆ మార్పు తరవాత వచ్చిన సమీక్షలన్నీ చదివాను, అప్పటికి చదవడం కొంచెం జోరందుకుంది. తెలుగు గొంతు గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు. శత్రువు ఇప్పుడు తొందరగా ఎత్తు వేస్తున్నాడని మెచ్చుకున్నారు.

ఇంకా ఎనిమిది నెలలు అక్కడే పనిచేశాను. బాండు ముగిసిన రోజు మేనేజరు బీరువా తెరిచి సర్టిఫికెట్లు ఇచ్చాడు. ఒక్కొక్కటే చూసుకుని సంచిలో పెట్టుకుంటుంటే, కొత్త ఆటకు మలయాళం గొంతు కావాలనీ, ఇంట్లో మలయాళం మాట్లాడేవాళ్ళెవరైనా తెలుసా అనీ అడిగాడు. హాస్టల్లో నా గదిలోనే ఉండేది పాలక్కాడు అమ్మాయి, వాళ్ళింట్లో మలయాళమే.

"ఎవరూ తెలియదు సార్" అని చెప్పి, మెట్లు దిగి వచ్చేశాను.