ఎడంచేతి గ్లాసు

మా పక్కింటి ఆస్ట్రియా పెద్దాయన పోయారు. గురువారం పొద్దున మా అమ్మాయి ఫోన్ పెట్టేసి, "నిద్రలోనేనట అమ్మా" అంది. నేను అమెరికాలో ఈ ఫ్రీమాంట్ వచ్చినప్పటినుంచీ నాకు మాటకు మాట అప్పజెప్పిన మనిషి ఆయనొక్కరే. ఇక ఈ వీధిలో నా నోటికి పని లేదు.

వియన్నా దగ్గర పల్లెలో వాళ్ల నాన్నగారికి ద్రాక్షతోట, ఇంటి ముంగిట్లోనే సొంత వైన్ పోసే చిన్న అంగడి ఉండేవట. కొత్తది తయారైందని ఊరికి తెలియడానికి గేటుకు పైన్ కొమ్మ కట్టేవారట. ఈయన రిటైరయ్యాక ఇక్కడి పెరట్లో నాలుగు తీగలు పెంచి, ఏటా సెప్టెంబరులో తన గేటుకూ కొమ్మ కట్టేవారు. అది కనబడితే వీధివాళ్లం ఎవరి తిండి వాళ్లు పట్టుకుని వెళ్లాలి. అదీ వాళ్ల ఊరి పద్ధతే. నేను గారెలు పట్టుకెళ్లేదాన్ని.

ఎవరేం తాగాలో ఆయనే తేల్చేవారు. "కారు నడిపేవాళ్లకు ద్రాక్షరసం. దాహంతో వచ్చినవాళ్లకు వైన్ సగం, సోడా సగం. కబుర్లకు వచ్చినవాళ్లకు నిరుటి వైన్, ఏమీ కలపకుండా." నాలుగోది ఆ సెప్టెంబరు రోజుల్లోనే దొరికేది. కొత్తగా పిండిన రసం, ఇంకా పులిసి పొంగుతూ, తెల్లగా, మసగ్గా, తియ్యటి వాసనతో అచ్చం మన కల్లు. ఆ సీసాకు మూత బిగించేవారు కాదు, కాగితం కప్పేవారు. "ఊపిరాడాలి మేడమ్, లేకపోతే పేలుతుంది" అనేవారు. "నేను పాఠాలు చెప్పిన బళ్లో హెడ్మాస్టరూ అంతే" అన్నాను.

మొదటి ఏడు ఆ మసక గ్లాసు ఎడంచేత్తో నా ముందుకు చాచి, "మీరూ ఎడంచేత్తోనే పుచ్చుకోవాలి" అన్నారు నవ్వుతూ. నాకు ఒళ్లు మండింది.

"మా వైపు ఎడంచేత్తో బిచ్చం కూడా వెయ్యరండీ" అన్నాను ఇంగ్లీషులో, వెనక బెంచీకి వినపడే గొంతుతో.

"అమ్మా, ప్లీజ్, ఊరుకో" అంది మా అమ్మాయి.

"ఎందుకే ఊరుకోవడం? చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?"

ఆయన ఆ గ్లాసు బల్ల మీద పెట్టారు. చేతులు తుడుచుకుని, ద్రాక్షరసం గ్లాసు రెండు చేతులతో అందించారు. "క్షమించండి మేడమ్. నాకు తెలియదు."

ఆ మరుసటేటి నుంచి అక్కడ అందరూ కుడిచేత్తోనే తాగారు. నా శిక్షణ ఫలించిందనుకున్నాను.

మొన్న ఆదివారం వాళ్లమ్మాయి మమ్మల్నందరినీ పెరట్లోకి పిలిచింది. గేటుకున్న కొమ్మ ఆయన కట్టిందే. సీసాల్లో పొంగుతున్నదీ ఆయన పిండిందే. బల్ల మీద గ్లాసులు నింపి పెట్టి, "ఇవాళ ఎడంచేత్తో తాగుదాం" అంది. "మా ఊళ్లో అంతే. ఇదింకా వైన్ కాలేదు కదా. కుడిచెయ్యి అసలు వైన్ కోసం. నాన్న చిన్నప్పట్నుంచీ అలాగే తాగేవారు. ఇక్కడికొచ్చాక మానేశారు."

"అదేం?" అన్నారెవరో.

"ఒకావిడ మనసు నొచ్చుకుందట. ఆవిడొక్కతే వేరుగా ఉండకూడదు, అందరం కుడిచేత్తోనే తాగుదాం అనేవారు." ఆవిడెవరో ఆ పిల్లకు తెలియదు. వీధికంతా తెలుసు.

ముందు ప్రశ్న పూర్తిగా చదవండి, తరవాత జవాబు రాయండి అని ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల ప్రాణం తీసినదాన్ని. ఎడంచెయ్యి ఎందుకండీ అని ఆయన్ని ఒక్క మాట అడగలేదు. తన పెరట్లో, తన నాన్న అలవాటు నాకోసం చంపుకుని, ఆ సంగతి నా చెవిన పడనివ్వని మనిషికి నేను మర్యాద నేర్పాను. ఎవరూ నావైపు చూడలేదు. మొహం మీదే నాలుగు మాటలన్నా ఇంకా నయంగా ఉండేది.

గ్లాసు కోసం అలవాటుగా కుడిచెయ్యి ముందుకెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. బుద్ధెరిగాక ఎడంచేత్తో పట్టుకున్న మొదటి గ్లాసు అది. గ్లాసు ఒరిగి నాలుగు చుక్కలు చీర మీద పడ్డాయి. మా అమ్మాయి పట్టుకోబోతే వద్దన్నాను. గ్లాసులో ఇంకా తేరుకోని ఆ మసకలోంచి, ఒకదాని వెనక ఒకటి, సన్నటి బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి.